జెట్ బోటు బిరడా ఊడకుండా: గోదావరి పాయల్లో బోటు నడిపేవారికి మార్గదర్శి

జెట్ బోటు వెనుక మెట్టు దగ్గర ఉండే చిన్న అర (గూడు) మూత ఎత్తితే, నిలువుగా కిందికి దిగే గొట్టం, దాని నోట్లో బిగించిన గుండ్రని బిరడా కనిపిస్తాయి. కంపెనీ పుస్తకాల్లో దీన్ని క్లీనౌట్ ప్లగ్ అంటారు, రేవుల్లో మాత్రం ప్లగ్గు అనో బిరడా అనో అంటారు. రెండు ఇంజన్లున్న బోటుకు రెండు బిరడాలుంటాయి. ఆ గొట్టం తిన్నగా, నీటిని పీల్చి వెనక్కి చిమ్మి బోటును నడిపే రెక్కల చక్రమైన ఇంపెల్లరుకు ముందున్న నీటి సొరంగంలోకి తెరుచుకుంటుంది కనుక, చెత్త చుట్టుకున్నప్పుడు బోటును గట్టుకు లాగకుండానే పైనుంచి చెయ్యి పెట్టి తీసెయ్యవచ్చు. సౌకర్యం గొప్పదే కానీ, బోటు అడుగున తెరిచిపెట్టిన కంతకూ బోటు లోపలికీ మధ్య ఉన్నది ఆ రబ్బరు ముక్క ఒక్కటే. వాటర్ స్కూటర్లలో చాలావాటికి ఈ ద్వారం ఉండదు. ఈ వ్యాసం ద్వారం ఉన్న బోట్లు నడిపేవారి కోసం.

బిరడా మీద పడే బలం ఎంతో తెలిస్తే తక్కిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. బోటు వేగంగా పోతున్నప్పుడు అడుగున ఉన్న ముఖద్వారంలోకి నీరు ఎదురుగా వచ్చి కొట్టుకుంటుంది, ఆ ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 12 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న బిరడా తీసుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కింది నుంచి దాన్ని నెట్టే బలం గరిష్ఠంగా దాదాపు 40 కిలోల బరువుకు సమానం, 60 కిలోమీటర్ల వేగంలో అదే 160 కిలోలు, అంటే రెండు ధాన్యం బస్తాల ఎత్తు. మామూలుగా పోతున్నప్పుడు ఈ ఒత్తిడిలో చాలా భాగాన్ని ఇంపెల్లరు తిరిగే పంపు లాగేసుకుంటుంది కాబట్టి బిరడాకు అంత భారం తగలదు. వేగంలో ఉండగా, ఇంజన్ వేగాన్ని పెంచే మీట అయిన థ్రాటిల్‌ను ఒక్కసారిగా వదిలేసినప్పుడే చిక్కు: పంపు లాగడం తగ్గిపోతుంది, బోటు మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది, వచ్చే నీటికి దారి లేక ఆ బలం బిరడా మీదికి మళ్లుతుంది. సరిగ్గా బిగించని బిరడా తన్నుకొచ్చేది సాధారణంగా ఆ క్షణంలోనే.

దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితి బోటు బయలుదేరేటప్పుడు ఉంటుంది. నిలిచి ఉన్న బోటుకు ఒక్కసారిగా థ్రాటిల్ ఇస్తే, ఎదురొచ్చే నీరు చాలక పంపు సొరంగాన్ని పీల్చేస్తుంది, బిరడా లోపలికి లాగబడుతుంది. అప్పుడు అంచులో వెంట్రుకవాసి సందు ఉన్నా అందులోంచి గాలి దూరి ఇంపెల్లరుకు చేరుతుంది, ఇంజన్ గొల్లుమంటుంది కానీ బోటు కదలదు. ఈ లక్షణం చూసి ఇంపెల్లరు అరిగిందని, దాని చుట్టూ ఉండే వేర్ రింగు మార్చాలని వేలు ఖర్చుపెట్టినవారిని నేనెరుగుదును. ఖరీదైన భాగాల మీద అనుమానపడేముందు బిరడాను ఒకసారి విప్పి, తుడిచి, మళ్లీ బిగించి చూడండి.

మన నీళ్లలో ఈ పని ఎందుకు ఎక్కువ

జెట్ డ్రైవ్‌కు పేరు తెచ్చిన విలియం హామిల్టన్ 1950లలో దాన్ని తీర్చిదిద్దింది న్యూజిలాండ్‌లోని లోతులేని, గులకరాళ్ల నదుల కోసం. ధవళేశ్వరం దిగువన ఇసుక మేటల మధ్య ప్రొపెల్లరు బోటుతో అవస్థపడినవారికి ఆ ఆలోచన విలువ చెప్పనక్కర్లేదు. అయితే గులకరాళ్ల నదికి లేని బాధలు గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలకు ఉన్నాయి. కాలువల నుంచి కొట్టుకొచ్చే గుర్రపు డెక్క ఆకులూ, దాని నల్లటి వేళ్ల కుచ్చులూ ముఖద్వారపు జాలికి అతుక్కుంటాయి. లంకల్లో ఒలిచి పారేసిన కొబ్బరి డొక్కల పీచు నీటిలో నాని దారాల్లా విడిపోతుంది. వరద నీటికి ఎదురీదే పులస కోసం వలలు వేసే రోజుల్లో తెగిన నైలాన్ దారాలు ఇంపెల్లరు షాఫ్టుకు చుట్టుకుంటాయి. ఎర్రనీరు తెచ్చే సన్నని ఒండ్రు ఇసుక రబ్బరు మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. యానాం, అంతర్వేది, కోరంగి వైపు పోటు నీటి ఉప్పు లోహపు భాగాలను తింటుంది. కాబట్టి ఇక్కడ బిరడా ఎక్కువసార్లు తెరవాల్సివస్తుంది, తెరిచిన ప్రతిసారీ మురికి చేతులతో, మురికి నీటి మధ్య మూయాల్సివస్తుంది.

తెరిచే అవసరాన్నే తగ్గించడం

బిరడాలు ఎక్కువగా పాడయ్యేది ప్రయాణంలో కాదు, తెరిచి మూసేటప్పుడు. అందువల్ల మొదటి రక్షణ నడపడంలోనే ఉంది. డెక్క తెప్పలు కనిపిస్తే వాటిని చీల్చుకుంటూ పోకండి, చుట్టూ తిరిగి వెళ్లండి, తప్పనిసరైతే వేగం తగ్గించి దాటండి. జెట్ నడపడానికి కనీసం 60 నుంచి 90 సెంటీమీటర్ల లోతు ఉండాలని తయారీదారులు సాధారణంగా చెబుతారు. మేటలు రోజుకోచోటికి జరిగే మన పాయల్లో పెద్ద అంకెనే పట్టుకోవాలని నా సలహా. లోతు తక్కువచోట నిలుపు నుంచి ఒక్కసారిగా థ్రాటిల్ ఇస్తే పంపు ఇసుకను తోడుకుంటుంది.

రివర్స్ వేస్తే చెత్త వెనక్కి పోతుందని చాలామంది సరంగులు నమ్ముతారు. చిన్న జెట్ బోట్లలో రివర్స్ అంటే వెనుక నాజిల్ మీదికి ఒక బకెట్ దిగి, బయటికి పోయే నీటిధారను ముందుకు మళ్లించడమే. ఇంపెల్లరు తిరిగే దిశ మారదు, నీరు అదే జాలిలోంచి లోపలికే పీల్చబడుతుంది, చెత్త ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. వెనక్కి తిప్పి జాలిని కడిగే గేర్‌బాక్సు ఉన్న పెద్ద బోట్ల సంగతి వేరు. మిగిలినవారు ఇంజన్‌ను పూర్తిగా ఆపి, ఒక నిమిషం ఆగి, బోటును అటూ ఇటూ ఊపి, మళ్లీ స్టార్ట్ చేసి చూడాలి. పీల్పు ఆగగానే జాలికి అతుక్కున్న ఆకు చాలావరకు తనంతట తానే రాలిపోతుంది. ఇలా రెండు మూడుసార్లు చేసినా ఇంజన్ చుట్లు పెరిగి బోటు వేగం పెరగకపోతే, లేదా వణుకు తగ్గకపోతే, అప్పుడు బిరడా తెరవాలి. ఇంజన్‌ను చల్లబరిచే నీరు కూడా చాలా బోట్లలో ఈ పంపు నుంచే వస్తుంది కనుక మూసుకుపోయిన జాలితో అలాగే లాగించడం ఇంజన్‌కు చేటు.

తెరిచే పద్ధతి

మొదట లంగరు వెయ్యండి. ఇంజన్ ఆగిన జెట్ బోటుకు చుక్కాని ఉండదు. పాటు వేళ నీరు సముద్రం వైపు లాగుతుంటే, మీరు చెత్త తీస్తుండగానే బోటు వంతెన స్తంభాల మీదికో వల గుంజల మీదికో పోతుంది. తరువాత ఇంజన్ ఆపి, తాళం తీసి, ఊడితే ఇంజన్ ఆగిపోయే కిల్ స్విచ్ తాడును ఊడదీసి, ఆ రెండూ చెయ్యి పెట్టేవారి జేబులోనే పెట్టాలి. రెండు ఇంజన్లుంటే రెండూ ఆపాలి. ఎదురుగా వేరే బోటు వస్తున్నా సరే, చెయ్యి సొరంగంలో ఉండగా పక్క ఇంజన్ వేయకూడదు.

ఆ తరువాత మనుషులను ముందువైపుకు జరపండి. గొట్టం నోరు మామూలుగా నీటిమట్టానికి పైనే ఉంటుంది కానీ, వెనుక సీట్లో నలుగురు కూర్చుని, ఇద్దరు ఏం జరుగుతోందో చూద్దామని మెట్టు మీదికి వస్తే ఆ నోరు నీటి కిందికి దిగుతుంది. నోరు మట్టానికి 10 సెంటీమీటర్లు కింద ఉంటే 12 సెంటీమీటర్ల గొట్టంలోంచి నిమిషానికి సుమారు 570 లీటర్ల నీరు లోపలికి వస్తుందని లెక్క. చిన్న బోట్లలో ఎక్కువగా కనిపించే, బోటు అడుగున చేరిన నీటిని తోడే బిల్జి పంపు, కాగితం మీద గంటకు 1,900 లీటర్లది, నిమిషానికి తోడేది 32 లీటర్లు. అందుకే పంపు ఉందన్న ధైర్యంతో బిరడా తెరవకూడదు. పిడిని నెమ్మదిగా సడలించి, బిరడాను కొద్దిగా ఎత్తి, గొట్టంలో నీరు ఎంతవరకు వస్తుందో చూశాకే పూర్తిగా తీయండి. నీరు అంచు దాటుతుంటే అక్కడే మూసేసి మనుషులను మళ్లీ సర్దండి.

చేతికి దళసరి తొడుగు వేసుకోండి. ఇంపెల్లరు అంచులే కాక, నైలాన్ దారంతోపాటు గాలాలు వస్తాయి. దారాన్ని గుంజకుండా కత్తితో కోసి ముక్కలుగా తీయండి, తీసినదాన్ని నీటిలోకి కాక బకెట్‌లో వెయ్యండి. లేకపోతే అదే దారం మళ్లీ మీ జాలిలోకే వస్తుంది.

మూసే పద్ధతి

తొందర ఎక్కువగా ఉండేది ఇక్కడే కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చెబుతాను.

గొట్టం లోపలి గోడను, ముఖ్యంగా బిరడా ఆనే పై నాలుగైదు సెంటీమీటర్లను, పొడి నూలు గుడ్డతో ఒక చుట్టు తుడవండి. తరువాత తొడుగు తీసేసి ఉత్త వేలితో అదే చుట్టు తిప్పండి. గుడ్డకు చిక్కని ఇసుక రేణువు వేలికి తగులుతుంది. బిరడా రబ్బరును, ఓ-రింగు (గుండ్రని రబ్బరు వలయం) ఉంటే అది కూర్చునే గాడిని, అలాగే తుడవాలి. ఆపైన రబ్బరు మీద సిలికాన్ గ్రీజును మెరుపు కనిపించేంత పలుచగా రాయండి. దట్టంగా పూస్తే ఇసుకను అదే పట్టుకుంటుంది.

బిరడాను చెయ్యి పెట్టి నిలువుగా దించాలి, పక్కకు వాలితే ఒకవైపు రబ్బరు మడతపడుతుంది. అరచేత్తో అదిమి, అంచు చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకున్నాకే పిడి తిప్పండి. బిరడాల్లో ప్రధానంగా రెండు రకాలుంటాయి. మొదటి రకంలో పిడిని వాల్చితే రెండు పళ్లేల మధ్య రబ్బరు నలిగి పక్కలకు ఉబ్బి గొట్టం గోడను పట్టుకుంటుంది. దీని బిగుతు మొత్తం మధ్యనున్న నట్టు మీద ఆధారపడుతుంది: పిడి రెండు వేళ్లతోనే వాలిపోతే బిగుతు చాలదు, అరచేతి బలం పెడితేగానీ వాలకూడదు. చాలకపోతే నట్టును అర చుట్టు తిప్పి మళ్లీ చూడండి. రెండో రకంలో బిరడాకు ఉన్న చెవులు గొట్టం అంచు కింద ఉన్న గాళ్లలోకి దూరి, పావు చుట్టు తిప్పగానే తగులుకుంటాయి, దానిపైన ఒక స్ప్రింగు మేకు దిగి వెనక్కి తిరగకుండా ఆపుతుంది. ఇందులో రబ్బరు చేసే పని నీటిని ఆపడమే, బలాన్ని మోసేది చెవులు. మేకు దిగిన చప్పుడు వినిపించాలి, వేలితో తడిమితే అది అంచుకు సమంగా తగలాలి.

బిగించాక రెండు చేతులతో పిడిని పట్టుకుని పైకి గట్టిగా గుంజి చూడండి. తరువాత గీత పరీక్ష. బోటు కొత్తగా ఉన్నప్పుడే, బిరడా పూర్తిగా బిగిసిన స్థితిలో, దాని మీదుగా గొట్టం అంచు మీదికి ఎనామిల్ రంగుతో ఒకే గీత గియ్యండి. గోళ్ల రంగైనా సరిపోతుంది, మా బోటు మీద ఉన్నది అదే. ఆపైన ఎప్పుడు మూసినా రెండు ముక్కల గీతా ఒకే వరుసలో కలవాలి. చదువు రాని కళాసీ కూడా దూరం నుంచి చూసి చెప్పగలిగే గుర్తు అది.

చివరగా బిరడాకు కట్టి ఉన్న తాడు అంచుకింద నలగలేదని చూసి, అర మూత వేసి గొళ్లెం పెట్టండి. కొన్ని బోట్లలో ఈ మూతే బిరడాను పైనుంచి నొక్కిపెడుతుంది. మరికొన్నింటిలో మూత సరిగా పడకపోతే ఇంజన్ వేగాన్ని ఆపే స్విచ్ ఉంటుంది. తుప్పుపట్టి సతాయిస్తోందని ఆ స్విచ్ తీగలను ముడివేసి పనికానిచ్చే మెకానిక్కులున్నారు, వారి చేత ఆ పని చేయించుకోవద్దు.

ఒక పీచు పోగు

నాలుగేళ్ల కిందట, శ్రావణమాసంలో, వసిష్ఠ పాయలో సఖినేటిపల్లి వైపు నుంచి వస్తూ డెక్క తగిలి ఆగాం. చెత్త తీసిన కుర్రాడిని బిగించావా అని అడిగితే, “ఆయ్, బిగించేశానండి, చూస్కోనక్కర్లేదండి” అన్నాడు. నేనూ చూసుకోలేదు. బోటు నీటిమీద తేలి పరుగందుకున్నాక ఎదురుగా ఒక నాటుపడవ అడ్డం రావడంతో థ్రాటిల్ పూర్తిగా వదిలేశాను. వెనుక ధబ్బుమని చప్పుడైంది, అర మూత ఎగిరింది, మోకాలెత్తున నీరు చిమ్మింది. అదృష్టవశాత్తు తాడు ఉండబట్టి బిరడా నీటిపాలు కాలేదు. గట్టుకు చేరాక చూస్తే ఒక చెవి కింద బెత్తెడు పొడవున్న కొబ్బరి పీచు పోగు మడతపడి ఉంది. చెవి గాడిలోకి సగమే దూరింది, మేకు అసలు దిగలేదు. తప్పు కుర్రాడిదని అప్పుడు కేకలేశాను కానీ, గీత అప్పటికి మా బోటు మీద లేదు, గుంజి చూడమని అతనికి చెప్పింది కూడా లేదు.

రబ్బరును పరీక్షించడం

నెలకోసారి, వరదల కాలంలో వారానికోసారి, బిరడాను విప్పి వెలుతురులోకి తేవాలి. రబ్బరును గోటితో నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి, నిలిచిపోతే రబ్బరు బిగిసిపోయినట్టే. ఓ-రింగును తీసి వేలికి చుట్టి వంచితే, వంపు బయటివైపు సన్నని పగుళ్లు కనిపించకూడదు. గుండ్రంగా ఉండాల్సిన రింగు ఒక పక్క చదునైతే అది పనికిరాదు, దాన్ని తిరగేసి వాడడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే.

గ్రీజు విషయంలో ఒక హెచ్చరిక. బేరింగుల గ్రీజు, ఇంజన్ ఆయిలు, ఇంట్లో ఉన్న కొబ్బరినూనె, ఏది చేతికందితే అది రాయడం మన అలవాటు. ఈపీడీఎం అనే రకం రబ్బరు ఎండకు బాగా ఓర్చుకుంటుంది కానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరు నూనెకు ఓర్చుకుంటుంది కానీ ఎండకు, గాలికి పగుళ్లిస్తుంది. మీ బిరడా ఏ రకమో తెలియకపోయినా రెండింటికీ హాని చెయ్యనిది సిలికాన్ గ్రీజు. రింగు కొలత తప్పినప్పుడు దొరికిందేదో వేసి టేపు చుట్టడం, లేదా టైరు ట్యూబు కోసి వాషరు చేయడం తాత్కాలికంగా నీటిని ఆపవచ్చు, పైన చెప్పిన 160 కిలోలను ఆపదు. కంపెనీ భాగం తెప్పించండి, ఒకటి అదనంగా తెప్పించి బోటులో ఉంచండి.

రబ్బరు బాగానే ఉన్నా చెవుల మూలల్లో వెంట్రుక పగుళ్లు, స్ప్రింగు తుప్పు, గొట్టం అంచు బోటు ఫైబరుకు అతికినచోట సీలెంటు ఊడడం టార్చి వేసి చూడాలి. కొట్టుకొచ్చిన దుంగకు తగిలిన తరువాత ఈ చివరిది తప్పక చూడండి. ఉప్పునీటి వైపు తిరిగి వచ్చిన రోజు బిరడా విప్పి మంచినీటితో కడిగితే స్ప్రింగు ఇంకో ఏడాది బతుకుతుంది. నేను ఓ-రింగును ప్రతి జూన్‌లో, కాలువలకు నీరు వదిలే వేళకు, చూడ్డానికి బాగున్నా మార్చేస్తాను. మీ బోటు పుస్తకంలో అంతకంటే తక్కువ గడువు ఉంటే దాన్నే పాటించండి.

నీటి మీద పరీక్ష

మార్చిన భాగాన్ని ప్రయాణికులతో పరీక్షించకూడదు. మనుషులు లేకుండా, రేవు దగ్గర లోతైనచోట, అర పొడిగా తుడిచి, బిరడాకూ అంచుకూ మధ్య అతుకు మీద సుద్దముక్కతో ఒక చుట్టు గీయండి. ఇంజన్‌ను రెండు నిమిషాలు నిదానంగా నడిపి చూడండి. సుద్ద తడిసి నల్లబడినచోట నీరు ఊరుతోంది. తరువాత మూత వేసి, బోటును పరుగు అందుకునేదాకా తీసుకుపోయి, ఒక నిమిషం ఉంచి, మెల్లగా తగ్గించి ఆపి మళ్లీ చూడండి. అదంతా సరిగ్గా ఉంటే, వేగం మధ్యస్థంగా ఉండగా థ్రాటిల్‌ను కాస్త చురుగ్గా తగ్గించి మూడోసారి చూడండి. మూడుసార్లూ సుద్ద తెల్లగా ఉండి, బయలుదేరేటప్పుడు ఇంజన్ గొల్లుమనకపోతే బిరడా కూర్చున్నట్టు.

అయినా ఊడితే

థ్రాటిల్‌ను మెల్లగా తగ్గించండి. ఒక్కసారిగా ఆపితే వెనుక నుంచి వచ్చే సొంత అల బోటు మెట్టు మీదికెక్కి ఆ కంతలోనే పడుతుంది. ఆగాక ఇంజన్లు ఆపి, లంగరు వేసి, అందరినీ ముందుకు జరిపి, బిల్జి పంపు వేసి, అదనపు బిరడా బిగించండి. అది లేకపోతే గుడ్డలు కుక్కి ఆ ఇంజన్ నడపవద్దు, పంపు ఆ గుడ్డను పీల్చుకుని షాఫ్టుకు చుట్టుకుంటుంది. గుడ్డను చేత్తో నొక్కిపట్టి, రెండో ఇంజన్ ఉంటే దానితో నడక వేగంలో గట్టుకు చేరవచ్చు, లేకపోతే తెడ్డే దిక్కు. నీరు అదుపు తప్పుతోందనిపిస్తే 112కు, సముద్ర ముఖం వైపు ఉంటే తీరరక్షక దళం 1554కు ఫోన్ చెయ్యండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులతో మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిన రోజుల్లో అసలు నదిలోకి దిగాల్సింది సహాయక బృందాలే. ఆ బృందాల బోట్లకు ఈ పరీక్షలన్నీ హెచ్చరిక రాకముందే అయిపోయి ఉండాలి.

ఎండాకాలం నిల్వ

వేసవిలో కాలువలు కట్టేసి బోటును ట్రైలర్ మీదికి ఎక్కించినప్పుడు బిరడాను బిగించి ఉంచవద్దు. నెలల తరబడి నలిగి ఉన్న రబ్బరు ఆ ఆకారానికే అలవాటుపడి, మళ్లీ ఉబ్బడం మరిచిపోతుంది. దాన్ని విప్పి, కడిగి, నీడలో ఆరబెట్టి, గుడ్డలో చుట్టి పెట్రోలు డబ్బాలకు దూరంగా పెట్టండి. గొట్టం నోటికి ఎలుకలు దూరకుండా ఒక పలుచని జాలి కట్టి, స్టీరింగుకు ‘బిరడా లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసిన అట్టముక్క వేలాడదీయండి. జూన్‌లో బోటును నీటిలోకి దించేది మీరే కాకపోవచ్చు.